పలక మీద పౌడరు ముఖం

ఆ వీధిలో ఎవరూ "డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తాం" అనరు. "వెచ్చచేతులమ్మ దగ్గరికి వెళ్ళొస్తాం" అంటారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు అదేదో మంత్రాల వైద్యమనుకుని కాస్త తటపటాయిస్తారు గానీ, ఒకసారి ఇంట్లో జ్వరం తగిలిందంటే వాళ్ళ నోటికీ అదే మాట అలవాటైపోతుంది.

ఇస్త్రీ కొట్టుకీ సైకిళ్ళ మరమ్మతు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న రెండు గదులు ఆవిడ క్లినిక్కు. ముందుగదిలో రెండు పొడుగు బెంచీలు, వాటి వెనక గోడ మీద తలలు ఆనించి ఆనించి ఏర్పడ్డ జిడ్డు మరకలు. వెనకగదిలో పరీక్ష చేసే మంచం, ఒక టేబులు, టేబులు మీద స్టీలు గిన్నె, పక్కన వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. రోగి పొట్ట మీద చెయ్యి వెయ్యబోయే ముందు ఆవిడ గిన్నెలోకి వేణ్ణీళ్ళు వొంపుకుని, చేతులు ముంచి, తువ్వాలుతో తుడుచుకుని, ఒకసారి తన చెంపకి ఆనించి చూసుకుంటుంది. వెచ్చగా ఉన్నాయనిపిస్తేనే ముట్టుకుంటుంది.

"చల్లటి చెయ్యి పడితే పొట్ట బిగుసుకుంటుంది. బిగుసుకున్న పొట్ట నిజం చెప్పదు" అంటుంది. ఎండాకాలమైనా అంతే. చెమటలు కారుతున్న మనిషి మంచం మీద పడుకుని, "ఇప్పుడు కూడానా డాక్టరమ్మా!" అని మూలిగినా వినదు.

చేతికీ వైద్యానికీ ఉన్న చుట్టరికం ఇంతా అంతా కాదు. పూర్వం ఎక్కడెక్కడో రాజుల అంతఃపురాల్లో వైద్యుణ్ణి తెర ఇవతల కూర్చోబెట్టి, తెర సందులోంచి రాణీగారి మణికట్టు ఒక్కటే చాపించేవారట. నాడి దొరికితే దొరికినట్టు, లేకపోతే వైద్యుడి ఉద్యోగం ఊడినట్టు. ఆ తర్వాత ఎప్పుడో ఒక దేశంలో ఒక డాక్టరు, ఓ ఆడమనిషి గుండెకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి విన్నాడు. ఇవాళ డాక్టర్ల మెడలో వేలాడే గొట్టానికి అదే ముత్తాత. అప్పటి పెద్ద డాక్టర్లు కొందరు "రోగికీ మనకీ మధ్య ఈ గొట్టమేమిటి, చోద్యం కాకపోతే!" అని మూతి తిప్పుకున్నారనీ చెబుతారు. తెర అయినా, గొట్టం అయినా, ఇప్పటి ఫోను అయినా, ఇద్దరి మధ్యా ఏదో ఒకటి వచ్చి కూర్చోవడం కొత్తేమీ కాదు. వచ్చి కూర్చున్నది ఏం చూపిస్తుందో అందరూ చెబుతారు. ఏం దాస్తుందో మాత్రం ఎవరికి వాళ్ళు తెలుసుకోవాల్సిందే. సరే, దారి తప్పాం. మళ్ళీ క్లినిక్కులోకి వద్దాం.

ఆ క్లినిక్కుకి వెచ్చచేతులు ఎంతో తెల్లముఖమూ అంతే. తెల్లముఖం అంటే నర్సు. డాక్టరమ్మ కన్నా నాలుగేళ్ళు పెద్ద. డాక్టరమ్మ ఆవిణ్ణి "అక్కా" అంటుంది, ఆవిడ డాక్టరమ్మని "అమ్మా" అంటుంది. వరసలు కలిపి చూస్తే ఎవరికి ఎవరు పెద్దో ఓ పట్టాన తేలదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు, పొద్దున్నే క్లినిక్కు తలుపు తెరిచేసరికి గంజి పెట్టిన తెల్లచీరలో, ముఖం నిండా పౌడరుతో ఆవిడ ముందుగదిలో నిలబడి ఉండేది. పౌడరంటే అలా ఇలా కాదు. కనుబొమల మీద కూడా కాస్త రాలి ఉండేది.

"ఏమక్కా, పిండిమర మీదుగా వచ్చావా?" అని డాక్టరమ్మ రోజూ ఆటపట్టించేది.

"మీకేం, మీరు లోపలి గదిలో కూర్చుంటారు. తలుపు తోసుకుని వచ్చినవాడికి ముందు కనబడేది నా ముఖం. అదే వాడిపోయి ఉందనుకోండి, 'ఇక్కడ పనిచేసేవాళ్ళకే దిక్కులేదు, మనకేం ఒరగబెడతారు' అనుకోడూ? సగం మందు నా ముఖమేనమ్మా. మిగతా సగం మీరు రాసుకోండి."

భర్త పోయిన తర్వాత మొదటిసారి పనిలోకి వచ్చిన రోజున కూడా ఆవిడ పౌడరు రాసుకునే వచ్చింది. కాకపోతే కళ్ళ కింద రెండు చారలు, ఎండిన కాలవల్లా. డాక్టరమ్మ చూసింది. తన రుమాలు తీసి, ఆ చారల మీదికి చుట్టుపక్కల పౌడరు మెల్లగా సర్దింది. అప్పుడు ఇద్దరూ బయట బెంచీల మీద కూర్చున్న జనాన్ని లోపలికి పిలిచారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఆ పౌడరులో డాక్టరమ్మ చెయ్యి కూడా ఉంది.

డాక్టరమ్మ పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కూతురు డాక్టరు చదువు చదివి ఆవిడ దగ్గరే ఉంటోంది. అత్త అంటే ప్రాణం, అత్త మాట అంటే మాత్రం చెవిటి. డాక్టరమ్మ తుంటి ఎముక అరిగిపోయి, ఇంటి నుంచి క్లినిక్కుకి నడవడమే గగనమైన రోజుల్లో ఈ పిల్ల ఒక మధ్యాహ్నం పలకంత ఫోను తెచ్చి, స్టాండుకి బిగించి, అత్త ముందు పెట్టింది.

"ఇదేమిటే?"

"నీ కొత్త క్లినిక్కు. ఇక కుర్చీలోంచి లేవక్కర్లేదు. రోగులే ఇందులోకి వస్తారు."

"రోగులు వస్తారు సరే. పొట్టలు కూడా వస్తాయా?"

"పొట్ట నొప్పి వాళ్ళని రమ్మనే చెబుతాం అత్తా. షుగరు మాత్రల కోసం, బీపీ మాత్రల కోసం, రిపోర్టు చూపించడం కోసం, రోజు కూలి పోగొట్టుకుని బెంచీ మీద కూర్చుంటున్నారే, వాళ్ళ సంగతేమిటి? వాళ్ళకి కావలసింది నీ చేతులు కాదు, నీ మాట."

"ముట్టుకోని వైద్యం వాసన చూసిన భోజనం లాంటిదే" అని డాక్టరమ్మ మూతి ముడుచుకుంది. నర్సు మాత్రం పలక చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇందులో నా ముఖం కూడా కనబడుతుందా?" అని అడిగింది. కనబడుతుందని చెప్పగానే పర్సులోంచి పౌడరు డబ్బీ తీసింది.

మొదటి రోజులు ఒక తిరనాళ్ళే. ఒక పెద్దాయన ఫోను చెవికి ఆనించుకుని మాట్లాడేవాడు. అరగంటసేపు డాక్టరమ్మకి ఆయన చెవి, అందులోని వెంట్రుకలు తప్ప ఇంకేమీ కనబడలేదు. "చెవి బాగానే ఉందండీ, మోకాలు చూపించండి" అని అరిచి అరిచి గొంతు పోయింది. ఒకావిడ పిల్లవాడి ఒంటి మీద దద్దుర్లు చూపిస్తానని వాడి వెనక ఇల్లంతా పరిగెత్తింది. దద్దుర్లు కనబడలేదు గానీ వాళ్ళింట్లో గదులెన్నో తెలిసింది. లారీ డ్రైవరు ఒకడు బండి రోడ్డు పక్కన ఆపి, అద్దంలో చూసుకున్నట్టు నాలుక చాపి కూర్చునేవాడు. "నీకు షుగరయ్యా, నాలుకెందుకు?" అంటే, "చూపించడానికి ఇంకేముంది డాక్టరమ్మా, ఊరికే కూర్చుంటే బాగుండదు కదా" అన్నాడు.

కానీ నిజం నిజమే చెప్పుకోవాలి. ఆ డ్రైవరు అంతకుముందు ఏడాదికోసారి కూడా కనబడేవాడు కాదు. బండి మీద ఉన్నవాడు ఏ ఊళ్ళో ఆగి ఏ బెంచీ మీద కూర్చుంటాడు? ఇప్పుడు నెలనెలా కనబడుతున్నాడు, షుగరు అదుపులోకి వచ్చింది. మంచాన పడిన తల్లిని వదిలి రాలేని ఒకమ్మాయి వంటింట్లోంచే తన ఆయాసం గురించి చెప్పుకుని మందు రాయించుకుంది. డాక్టరమ్మకీ తుంటి నొప్పి తగ్గింది. బెంచీల మీద రద్దీ తగ్గింది కాబట్టి, వచ్చినవాళ్ళ పొట్టల మీద చేతులు ఇంకాసేపు ఉంచగలుగుతోంది. "పోనీలే, నీ పలక కూడా పనికొచ్చేదే" అని మేనకోడలి ముందు ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు ఆ పిల్ల వీధంతా టముకు వేసింది.

ఇంతలో నర్సు మోకాళ్ళు మొరాయించాయి. ముందుగదికీ వెనకగదికీ మధ్య గడప దాటడానికే తలుపు పట్టుకోవాల్సి వచ్చేది. మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఆవిడ చెల్లెలు బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా ఉంటోంది. "వచ్చెయ్యవే అక్కా, ఇద్దరం ఒక గంజి తాగుదాం" అని ఎప్పటినుంచో పిలుస్తోంది. సరేనని బయల్దేరిన రోజున నర్సు క్లినిక్కులో ప్రతి సీసానీ తుడిచింది. సామాను ఆటోలో పెట్టాక మళ్ళీ లోపలికి వచ్చి నిలబడింది.

"అమ్మా, అక్కడ నా ఒంటి సంగతి ఎవరు చూస్తారు? కొత్త డాక్టర్ల దగ్గర నేను నోరు విప్పలేను. వాళ్ళకి ఎదురుగా కూర్చుంటే నేను నర్సుననీ గుర్తుకొస్తుంది, రోగిననీ గుర్తుకొస్తుంది. రెండూ చేతకావు."

"ఎవరో ఎందుకు చూస్తారక్కా? నేను లేనూ? పలక ఉందిగా. గురువారం మధ్యాహ్నం నీది. ఆ టైముకి ఇంకెవర్నీ పెట్టుకోను. నీ ఒంటి పూచీ నాది."

"మాటిచ్చినట్టేనా?"

"చెయ్యి పట్టుకో" అంది డాక్టరమ్మ. నర్సు ఆ చెయ్యి పట్టుకుని, "ఇవాళ వెచ్చబెట్టుకోలేదే" అని నవ్వింది. నవ్వితే కనుబొమల మీది పౌడరు రాలింది.

అలా గురువారాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం భోజనం కాగానే డాక్టరమ్మ పలక ముందు కూర్చునేది. అటునుంచి గంజి పెట్టిన చీర, తెల్లముఖం, వెనక కిటికీ, పక్కన కుట్టుమిషను టకటకలు. అది వైద్యమా, కబుర్లా అని అడిగితే చెప్పడం కష్టం. బీపీ ఎంతుందో చెల్లెలు చూసి చెప్పేది. మాత్రలు అయిపోతే డాక్టరమ్మ రాసిచ్చేది. ఆ తర్వాత కొత్త నర్సు ఎంత నత్తనడకదో, ఇస్త్రీ కొట్టువాడు మళ్ళీ ఎవరి చీర కాల్చాడో మొదలయ్యేది. మోకాళ్ళ నొప్పి ఎక్కువగా ఉందంటే డాక్టరమ్మ కొన్నాళ్ళపాటు వేసుకోమని ఒక నొప్పి మాత్ర రాసింది. "ఇది ఎక్కువ రోజులు వాడకూడదని నీకు వేరే చెప్పాలా?" అంది.

"ఎంతమందికి చెప్పి పంపించానో ఆ మాట. నాకే చెబుతున్నారా?"

కొన్ని వారాలకి అడిగింది, "ఆ మాత్ర ఆపేశావా అక్కా?"

"ఆపేశానమ్మా."

నర్సు చెబితే డాక్టరమ్మకి తిరుగులేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరికి ఏ మందు పడిందో, ఎవరికి ఏది ఆగిందో ఆ నోటి మాట మీదే ఆ క్లినిక్కు నడిచింది. వేరే రోగి అయితే "మాత్రల అట్ట చూపించు" అనేది. అక్కని అలా ఎలా అడుగుతుంది?

ఆ తర్వాత గురువారాల్లో ఒక చిక్కు వచ్చిపడింది. నర్సు మాట మధ్యమధ్యలో ఆగిపోయేది.

"నిన్న మా చెల్లెలు... ఒక పెళ్ళికూతురి జాకెట్టు... కుట్టింది లెండి. చేతులు... చేతులు రెండూ..."

బొమ్మ కదలకుండా నిలిచిపోయినట్టు ఉండేది. పెదవులు కాస్త తెరుచుకుని, కళ్ళు ఇటే చూస్తూ.

"వినబడుతోందా అక్కా? ఆగిపోయావు. నెట్‌వర్క్ సరిగా లేనట్టుంది."

ఒక క్షణం. తర్వాత బొమ్మలో ప్రాణం వచ్చేది. "అవునమ్మా. ఇక్కడింతే. చేతులు రెండూ ఒకే వైపు కుట్టేసింది!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వు మధ్యలోనూ బొమ్మ ఆగిపోయింది. డాక్టరమ్మ పలక అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది, పాత రేడియోని కొట్టినట్టు. మేనకోడలు తొంగిచూసి, "కొట్టకు అత్తా, అటువైపు సిగ్నల్ లేకపోతే ఇటువైపు కొడితే ఏమొస్తుంది?" అంది.

ఒకసారి నర్సు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగడం డాక్టరమ్మ చూసింది. చలేస్తోంది కాబోలు అనుకుంది. ఇంకోసారి ఆవిడ కుర్చీ వెనక దిండు కనబడింది. సుఖపడుతోందిలే అనుకుంది. ముఖంలో మాత్రం ఏ తేడా లేదు. అదే ముఖం. ఎన్నో ఏళ్ళు పొద్దున్నే తలుపు తీయగానే కనబడ్డ ముఖం. ఆ ముఖం చూడగానే డాక్టరమ్మకి కూడా, బయట బెంచీల మీద కూర్చునే రోగుల్లాగే, అంతా బాగుందనిపించేది.

గురువారం కాని ఒక రోజున, పదకొండు గంటల రద్దీలో, చెల్లెలి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "డాక్టరమ్మగారూ, అక్క పొద్దున్న నెత్తురు కక్కుకుని పడిపోయింది. ఆసుపత్రిలో పెట్టాం. మీకు చెప్పద్దంది. చెప్పకుండా ఎలా ఉండనండీ?"

మేనకోడలు కారు తీసింది. గతుకు వచ్చినప్పుడల్లా డాక్టరమ్మ తుంటి పట్టుకునేది. సగం దారిలో, "ఏమే, నెట్‌వర్క్ పోతే బొమ్మతోపాటు చప్పుడు కూడా పోవాలి కదా?" అని అడిగింది.

"పోవాలి. ఎందుకు?"

"కుట్టుమిషను టకటక ఆగేది కాదు" అంది డాక్టరమ్మ. "అక్క మాట ఆగేది, మిషను ఆగేది కాదు." ఆ తర్వాత ఊరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. మేనకోడలు బండి ఇంకా జోరుగా నడిపింది.

ఆసుపత్రి వార్డు ముందు ఒక కుర్ర డాక్టరు చేతిలో కాగితాలతో ఎదురొచ్చాడు. వీళ్ళెవరో అతనికి తెలియదు. "పేషెంటు తాలూకానా అండీ? పొట్టలో పుండు. నొప్పి మాత్రలు విడవకుండా వాడినట్టున్నారు. నెలల తరబడి కొంచెం కొంచెంగా రక్తం పోతోంది. ఒంట్లో రక్తమే లేదు, గుండె బాగా అలిసిపోయింది. రక్తం ఎక్కిస్తున్నాం, కానీ..." అని ఆగి, "ఇన్నాళ్ళూ ఈవిణ్ణి ఏ డాక్టరూ చూడలేదా?" అన్నాడు.

"నేను చూస్తున్నాను" అంది డాక్టరమ్మ. "ప్రతి గురువారం చూస్తున్నాను."

మంచం దగ్గరికి వెళ్ళి ఒక క్షణం తడబడింది. వేరే మంచం దగ్గరికి వచ్చానేమో అనుకుంది. పౌడరు లేదు. ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసిన మనిషి అసలు ముఖం ఆవిడ అప్పుడే చూడటం. చామనఛాయ మనిషి, ఇప్పుడు పాత కాగితం రంగులో. పెదవులకీ చర్మానికీ తేడా లేదు. డాక్టరమ్మ వంగి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసింది. తెల్లగా ఉంది. గోళ్ళు చూసింది. తెల్లగా ఉన్నాయి. చదువుకునే రోజుల్లో మొదటి ఏడాది పిల్లలకి నేర్పించే పాఠం అది. గుమ్మంలోంచే కనబడేది. చెయ్యి పట్టుకుంటే ఎవరూ చెప్పక్కర్లేనిది.

నర్సు కళ్ళు తెరిచింది. ఎవరో పోల్చుకుని, గబుక్కున ముఖం పక్కకి తిప్పుకోబోయింది. చీర కొంగు కోసం వేళ్ళు తడుముకున్నాయి.

"నన్నిలా చూడకండమ్మా."

"ఎందుకక్కా? ఎందుకు చెప్పలేదు నాకు?"

సమాధానం రావడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఆగింది. ఇక్కడ తప్పు మోపడానికి నెట్‌వర్క్ ఏమీ లేదు.

"చెబితే... మీరు బస్సెక్కి వచ్చేస్తారు. ఆ తుంటితో." ఊపిరి కూడదీసుకుంది. "వారంలో ఒక్కరోజు... మిమ్మల్ని నవ్వుతూ చూసేదాన్ని. రోగినైపోతే... ఎక్కడ నవ్వుతారు మీరు."

డాక్టరమ్మ ఆవిడ చేతిని రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. నర్సు, "చల్లగా ఉన్నాయే... వెచ్చబెట్టుకోలేదా?" అంది.

డాక్టరమ్మ చేతులు గబగబా రుద్దుకుంది. చీరకేసి రుద్దుకుంది, మెడ దగ్గర పెట్టుకుంది, నోటితో ఆవిరి ఊదుకుంది. మేనకోడలు వేణ్ణీళ్ళ కోసం వార్డులో అటూ ఇటూ పరిగెత్తింది. దొరికేసరికి కొంత ఆలస్యమైంది. గ్లాసు తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది. ఆవిడ చేతులు వెచ్చబడ్డాయి, మళ్ళీ ఆ చేతిని పట్టుకుంది, సాయంత్రం దాకా వదల్లేదు. ఎక్కించిన రక్తం ఎక్కుతూనే ఉంది. గుండె మాత్రం దాన్ని అందుకోలేకపోయింది. పొద్దు వాలేవేళకి ఆ చెయ్యి, ఎంత వెచ్చటి చేతుల్లో ఉన్నా, చల్లబడటం మొదలుపెట్టింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. చేతులు వెచ్చబడేసరికి పట్టుకోవడానికి మనిషి లేకపోతే ఏమనాలో, ఆ సామెత చేసినవాళ్ళు చెప్పలేదు.

చెల్లెలి ఇంట్లో కిటికీ పక్కన ఆ కుర్చీ అలాగే ఉంది, వెనక దిండుతో సహా. కిటికీ అంచు మీద పౌడరు డబ్బీ. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది, "వారమంతా మంచం మీదే ఉండేదండీ. గురువారం వచ్చిందంటే పొద్దున్నుంచే హడావుడి. నేనే లేపి కూర్చోబెట్టేదాన్ని. చీర నేనే కట్టేదాన్ని. పౌడరు మాత్రం నన్ను రాయనిచ్చేది కాదు. 'నీకు చేతకాదే, డాక్టరమ్మ ఇట్టే పట్టేస్తుంది' అనేది. మీతో మాట్లాడటం కాగానే అలాగే పక్కకి ఒరిగిపోయేది. నాకేం తెలుసండీ, డాక్టరుగారు చూస్తూనే ఉన్నారు కదా అనుకున్నాను."

"నాకూ అలాగే అనిపించిందమ్మా" అంది డాక్టరమ్మ. చెల్లెల్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ మాటకొస్తే అబద్ధం చెప్పిన అక్కనీ పట్టలేకపోయింది. మోకాలి నొప్పి భరించలేక మాత్ర మింగడం, దాన్ని దాచుకోవడం, రోజుకి పదిమంది చేసే పని. పట్టుకోవడమే డాక్టరు పని.

తిరిగొచ్చాక ఆవిడ పలకని స్టాండు మీంచి పీకి, బీరువాలో బట్టల అడుగున పెట్టేసింది. "ఇక నా ఎదుటికి వచ్చినవాళ్ళకే నేను డాక్టర్ని. రానివాళ్ళకి కాను" అంది.

మేనకోడలు నాలుగు రోజులు ఊరుకుంది. ఆ తర్వాత ఊరుకోలేదు.

"అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని విన్నాను. అత్తకి తన మీదే కోపం వచ్చి పలక మీద చూపించడం ఇప్పుడే చూస్తున్నాను."

"నోర్ముయ్యవే."

"ముయ్యను. లారీ డ్రైవరు మూడుసార్లు ఫోను చేశాడు. మందులు అయిపోయాయట. నువ్వు లేకపోతే అతను ఇంకెవరి దగ్గరికీ వెళ్ళడు, నీకు తెలుసు. ఆ తల్లిని చూసుకునే అమ్మాయి ఆయాసంతో ఉంది. వాళ్ళనేం చెయ్యమంటావు? ముట్టుకుని చూసినా పొరపాట్లు జరగట్లేదా? ఎన్ని చూశాం మనం!"

"ముట్టుకుంటే అక్క గోళ్ళు కనబడేవే" అంది డాక్టరమ్మ. "ఒక్కసారి, ఒక్క గురువారం, 'చెయ్యి ఇటు చూపించు అక్కా' అంటే చాలు. పలక మీద కూడా కనబడేవి. నేను అడగలేదు. అడగబుద్ధి కాలేదు. పలక దాచింది సగం. మిగతా సగం నేనే చూడదలుచుకోలేదు."

మేనకోడలు వచ్చి అత్త తలని పొట్టకి ఆనించుకుని నిలబడింది. తర్వాత బీరువా తీసి పలకని బయటికి తెచ్చింది డాక్టరమ్మే.

ఫోను వైద్యం డాక్టర్లకి లాభమా నష్టమా అని పెద్ద పెద్ద సభల్లో మాట్లాడుకుంటారు. ఆ లెక్కలు ఆవిడకి అక్కర్లేదు. ఆవిడ చేసిందల్లా కొన్ని పద్ధతులు పెట్టుకోవడం. ఎంత దగ్గరివాళ్ళయినా సరే, ముందు చేతుల గోళ్ళు చూపించాలి. రెప్ప కిందికి లాగి చూపించాలి. వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ పలక ముందు పరచాలి. మాట తడబడితే వెంటనే బొమ్మ ఆపేసి, మామూలు ఫోను చేసి, ఊపిరి వింటుంది. మూడుసార్లు పలకలో చూస్తే నాలుగోసారి మనిషి రావాలి. వాళ్ళు రాలేకపోతే ఈవిడే కర్ర పట్టుకుని వెళుతుంది. అందుకని ఇప్పుడు ఆవిడకి పలక వల్ల తీరిక పెరగలేదు, తుంటికి సుఖమూ పెరగలేదు. బెంచీలు మళ్ళీ నిండాయి. పలక ముందు కూర్చున్నా ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు వొంపుకుని చేతులు వెచ్చబెట్టుకుంటుంది. ఎందుకని మేనకోడలు అడగడం మానేసింది.

గురువారం మధ్యాహ్నం మాత్రం ఎవర్నీ పెట్టుకోదు.

ఒక గురువారం పొరపాటున ఆ వేళకే పలక మోగింది. కొత్త మనిషి. దూరం ఊళ్ళో బట్టల కొట్టులో పనిచేసే నడివయసు ఆవిడ. కళ్ళు తిరుగుతున్నాయట. డాక్టరుకి కనబడబోతున్నానని చక్కగా తయారై కూర్చుంది. తలలో పూలు, ఉతికిన చీర, ముఖం నిండా పౌడరు.

డాక్టరమ్మ ఫ్లాస్కు అందుకుని, గిన్నెలోకి వేణ్ణీళ్ళు వొంపుకుని చేతులు ముంచింది.

"నమస్కారం డాక్టరమ్మా, కనబడుతున్నానా?"

"కనబడుతున్నావమ్మా. ముందు వెళ్ళి ముఖం కడుక్కుని రా."

"అయ్యో, ఏమైందండీ నా ముఖానికి? బాగానే ఉందే! మీకు కనబడాలని ఇందాకే పౌడరు..."

"చాలా బాగుందమ్మా. బాగుంది కాబట్టే... కడుక్కుని... కిటికీ దగ్గర... కూర్చో తల్లీ. నేను ఇక్కడే... ఇక్కడే ఉంటాను."

అటుపక్క ఆవిడ ఫోను దగ్గరికి లాక్కుని, పలక నిండా ముఖం పెట్టి, కంగారుగా చూసింది. "డాక్టరమ్మా, మీ మాట మధ్యమధ్యలో ఆగిపోతోందండీ. నెట్‌వర్క్ సరిగా లేదేమో!"

డాక్టరమ్మ గిన్నెలోని వేణ్ణీళ్ళలో చేతులు అలాగే ఉంచుకుని, "అవునమ్మా" అంది. "ఇక్కడింతే."